విశాఖలో చుట్టాలిళ్లకు సెలవులకు వస్తున్నారా? తలుపు తీసేవాళ్ల వైపు నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

వేసవి సెలవులు దగ్గరపడ్డాయంటే విశాఖలో కాపురముండే వాళ్లందరి ఫోన్లూ మోగుతాయి. "పిల్లలకి సముద్రం చూపించినట్టుంటుంది, మిమ్మల్నందరినీ చూసినట్టూ ఉంటుంది" అంటారు అవతలివాళ్లు. సంతోషమే. మేం ఉండేది సీతమ్మధారలో. రైల్వే స్టేషనుకీ ఆర్టీసీ కాంప్లెక్సుకీ దగ్గర కావడంతో, బంధువుల రాకపోకల్లో సగం మా గుమ్మం మీదుగానే నడుస్తాయి. అందుకే ఇది వచ్చేవాళ్ల కోసం రాస్తున్నా, చెప్పేవి మాత్రం ఇంట్లో ఉండి ఎదురుచూసేవాళ్ల మాటలు.

విశాఖ ప్రయాణం ఎక్కడ చెడుతుందంటే, చుట్టాలకి రెండు రోజులు, చూడాల్సినవాటికి రెండు రోజులు అని విడివిడిగా పంచుకోవడం దగ్గర. ఈ ఊరు కొండలకీ సముద్రానికీ మధ్య పొడుగ్గా సాగిపోయింది. ఓ చివర గాజువాకలో మేనత్త, ఇంకో చివర మధురవాడలో పిన్ని ఉంటే మధ్యలో పాతిక కిలోమీటర్ల పైమాటే. అలా పంచుకున్నవాళ్లు ఒకే రోడ్డు మీద రెండుసార్లు తిరిగి, ఎవరింట్లోనూ కుదురుగా కూర్చోకుండానే రైలెక్కేస్తారు. ఏ మూల చుట్టం ఉంటే ఆ మూల చూడాల్సిన చోటును ఆ రోజుకే ముడిపెట్టండి. మిగతా ఏర్పాట్లన్నీ దీని చుట్టూనే.

1. ఎప్పుడు రావాలో తేల్చుకోండి

పిల్లల సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి కాబట్టి ఎక్కువమంది వచ్చేది మేలోనే. ఎండ కంటే ఉక్కపోతే ఎక్కువ బాధిస్తుంది. పొడి ఎండకు అలవాటుపడ్డ హైదరాబాదు వాళ్లకి మొదటిరోజే నీరసం వస్తుంది. అయితే సువర్ణరేఖ మామిడిపండు, తాటిముంజలు, సింహాచలం కొండ పనస దొరికేదీ ఆ రోజుల్లోనే. ఆవకాయ పెట్టే సమయం కూడా. వచ్చినవాళ్లు ముక్కలు తుడిచే పనిలో చెయ్యి వేస్తే, వెళ్లేటప్పుడు జాడీలో వాటా ఖాయం.

వేసవిలో వచ్చి చేపల పులుసు మీద పెద్ద ఆశ పెట్టుకోకండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల పాటు తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. నాటు పడవల వాళ్లు తెచ్చేవి కాస్తో కూస్తో దొరుకుతాయి గానీ కోనాం, చందువా ధర చూస్తే ఇంటాయన మొహం మాడుతుంది. బయటికి అనడు. మీరే "నెత్తళ్ల ఇగురు చాలు వదినా" అనేస్తే ఆ ఇంటికి ఎంతో ఉపకారం చేసినవాళ్లవుతారు.

వాతావరణం బాగుండేది డిసెంబరు, జనవరి నెలల్లో. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం ఉంటుంది; 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదే తీరం దాటింది. ఆ నెలల్లో వచ్చేవాళ్లు తిరుగు ప్రయాణానికి ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా ఫరవాలేదనేట్టు చూసుకోండి. అయితే కార్తీక మాసంలో రావడానికి ఒక పెద్ద సుగుణం ఉంది. ఆదివారాల్లో వనభోజనాలు ఉంటాయి కాబట్టి తోటలోనో సముద్రపు ఒడ్డునో చుట్టాలందరూ ఒకే చోట దొరుకుతారు. ఇంటింటికీ తిరిగే పని సగం తప్పుతుంది. ఆ నెల చాలా ఇళ్లలో నీచు వండరు, అది గుర్తుంచుకోండి. మార్గశిరంలో గురువారాలూ అంతే.

రైలు రిజర్వేషను 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటోంది. అంతకు ముందు 120 రోజులుండేది. సంక్రాంతికి రావాలంటే నవంబరు రెండో వారంలో కంప్యూటర్ ముందు కూర్చోవాల్సిందే.

తిరుగు టికెట్టు తీసే ముందు క్యాలెండర్‌లో వారం చూడండి. ఇంటి ఆడపిల్లను శుక్రవారం పంపడానికి పెద్దవాళ్లు ఒప్పుకోరు, కొన్ని ఇళ్లలో మంగళవారం కూడా. "టికెట్ అయిపోయింది అమ్మమ్మా" అంటే "అయిపోతే అయిపోనీ, శనివారం ఎల్దువుగాని" అంటుంది. ఆ వాదనలో ఎవరూ గెలవరు. బుధవారమో, గురువారమో, ఆదివారమో తీసేసుకుంటే ఆ గొడవే ఉండదు.

2. చుట్టాలను కాగితం మీద దిక్కుల వారీగా రాసుకోండి

ఒక కాగితం తీసుకుని ఊరిని ఐదు ముక్కలు చేయండి.

గాజువాక, కూర్మన్నపాలెం, ఉక్కునగరం, దువ్వాడ ఒక ముక్క. స్టీల్ ప్లాంటు ఉద్యోగులున్న కుటుంబాలు ఎక్కువగా ఇటే ఉంటాయి. వీళ్లింటికి వెళ్లిన రోజునే యారాడ బీచి, డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు వెళ్లండి. ఊరి నడిబొడ్డు నుంచి మళ్లీ ప్రత్యేకంగా ఇంత దూరం రావడం దండగ.

ఎన్.ఏ.డి., గోపాలపట్నం, పెందుర్తి రెండోది. దీనికి జోడీ సింహాచలం. పొద్దున్నే దర్శనం చేసుకుని, కొండ దిగి, భోజనానికి చుట్టాలింటికి చేరడం సరైన వరస. ముందు భోజనం చేసి తర్వాత గుడికి అనుకుంటే, అత్తయ్య వడ్డించిన పనసపొట్టు కూర తిన్నాక కొండెక్కడం ఎవరి వల్లా కాదు.

మూడోది పాతపట్నం: వన్ టౌన్, బురుజుపేట, పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల. కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి ఇక్కడే. గర్భగుడికి పైకప్పు ఉండదు; భక్తులే అమ్మవారిని తాకి పసుపూ కుంకుమా పెట్టుకోవచ్చు. మార్గశిర గురువారాల్లో తప్ప మిగతా రోజుల్లో తొందరగానే అయిపోతుంది. సందులు ఇరుకు, కారు దూరంగా ఆపి నడవాల్సి ఉంటుంది.

నాలుగోది ద్వారకానగర్, అక్కయ్యపాలెం, సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, వాల్తేరు. ఆర్కే బీచి, కైలాసగిరి ఇటు. ఐదోది మధురవాడ, కొమ్మాది, ఆనందపురం, భీమిలి వైపు. జంతు ప్రదర్శనశాల, రుషికొండ, తొట్లకొండ ఆ దారిలోనే వస్తాయి.

ఇప్పుడు ఒక్కో ముక్కలో ఎవరున్నారో రాయండి. ఒకే ముక్కలో మూడు ఇళ్లుంటే ఒక ఇంట్లో భోజనం, ఒక ఇంట్లో సాయంత్రం కాఫీ, ఇంకో ఇంటికి "గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్తాం" అని ముందే చెప్పడం. గుమ్మం దాకా అన్నది ఎలాగూ గంట పడుతుంది, దానికీ లెక్క వేసుకోండి.

దిక్కుల లెక్కకు ఒకే ఒక్క మినహాయింపు ఉంది: వంశంలో అందరికన్నా పెద్దవాళ్లు. వాళ్ల ఇల్లు ఏ మూల ఉన్నా మొదటి రోజే వెళ్లాలి. పెద్దనాన్న పెందుర్తిలో ఉండగా మీరు మూడు రోజులు బీచి పక్కన తిరిగి నాలుగో రోజు వెళ్తే, మర్యాదకి లోటుండదు గానీ "ఊళ్లోకొచ్చి ఎన్నాళ్లైందేటి బాబూ?" అన్న ప్రశ్న తప్పదు. మీరెక్కడ తిరిగిందీ ఆయనకి అప్పటికే తెలిసిపోయి ఉంటుంది. ఈ రోజుల్లో ఫొటోలు మనకన్నా ముందే చేరతాయి. అందుకని అందరికీ ఫోన్ చేసి వస్తున్న సంగతి చెప్పేదాకా స్టేటస్‌లో సముద్రం ఫొటో పెట్టకండి.

3. పరామర్శ ఉన్న ఇంటిని విడిగా ఉంచండి

గడిచిన ఏడాదిలో ఎవరింట్లోనైనా పెద్దవాళ్లు పోయి, మీరు అప్పుడు రాలేకపోయి ఉంటే, ఆ ఇంటికి వెళ్లడాన్ని ఏ షికారుతోనూ కలపకండి. మిఠాయిలు పట్టుకెళ్లరు. అక్కడి నుంచి తిన్నగా ఇంకో చుట్టాలింటికీ వెళ్లరు, దిగిన ఇంటికే వచ్చి కాళ్లు కడుక్కుని లోపలికి వస్తారు. వెళ్లే రోజు విషయంలోనూ పట్టింపులుంటాయి, దిగిన ఇంట్లో పెద్దావిణ్ణి అడిగితే చెబుతుంది. పొద్దున పరామర్శ, సాయంత్రం కైలాసగిరి రోప్‌వే అన్నట్టు పెట్టుకుంటే చూసేవాళ్లకే కాదు, మీకూ మనసొప్పదు.

4. దిగేది ఒకే ఇంట్లో

రోజుకో ఇంట్లో పడుకుందామనే ఆలోచన వినడానికి బాగుంటుంది. నలుగురి పెట్టెలు రోజూ సర్దడం, ప్రతి ఇంట్లో కొత్తగా పక్కలు వేయించడం, పిల్లల బట్టలు ఒక ఇంట్లో ఆరేసి ఇంకో ఇంట్లో వెతుక్కోవడం. వద్దు. ఒక ఇల్లు ఎంచుకుని అక్కడే ఉండండి, మిగతావాళ్లకి పగలంతా ఇవ్వండి. ఆ ఇల్లు ఊరి మధ్యలో ఉంటే మేలు. దగ్గరి వరస కంటే విశాలమైన ఇల్లు ముఖ్యం. రెండు పడకగదుల ఫ్లాటులో ఐదారుగురు అదనంగా చేరితే, మూడో రోజుకి ఎంత ప్రేమ ఉన్నా ఊపిరాడదు. అలాంటప్పుడు దగ్గర్లోనే హోటల్ గది తీసుకుని, పొద్దున టిఫిను నుంచి రాత్రి పడుకునే వరకూ వాళ్లింట్లో ఉండటం ఉత్తమం. "హోటల్లో దిగడమేంటి, మేం పరాయివాళ్లమా?" అన్న మాట ఒకసారి పడాలి. పడండి. రెండో రోజుకి ఇద్దరికీ హాయిగా ఉంటుంది.

వచ్చే ముందు ఇంటివాళ్లని అడగాల్సినవి మూడే: కుళాయి నీళ్లు ఏ వేళకి వస్తాయి, ఇంట్లో ఎవరికైనా పరీక్షలో రాత్రి డ్యూటీలో ఉన్నాయా, లిఫ్టు ఉందా. చివరిది మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారి కోసం.

5. దిగే స్టేషను సరిచూసుకోండి

విశాఖ స్టేషనులోకి వచ్చి మళ్లీ ముందుకు వెళ్లాలంటే చాలా రైళ్లకి ఇంజను తిప్పి తగిలించాల్సి వస్తుంది. అందుకని దూరప్రాంతపు రైళ్లు కొన్ని లోపలికి రాకుండా దువ్వాడ మీదుగానే వెళ్లిపోతాయి. టికెట్టు మీద దువ్వాడ అని ఉంటే, గాజువాక వైపు చుట్టాలున్నవాళ్లకి అది వరమే. మిగతావాళ్లకి మాత్రం ఆటో ఖర్చు, గంట ప్రయాణం. తీసుకెళ్లడానికి వచ్చే బావమరిదికి ఏ స్టేషనో స్పష్టంగా చెప్పండి. విశాఖ స్టేషను బయట ఆయన, దువ్వాడ ప్లాట్‌ఫారం మీద మీరు ఉండటం ఇక్కడ కొత్తేమీ కాదు.

ఊళ్లో తిరగడానికి సిటీ బస్సులు బాగానే ఉంటాయి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్ చిరునామాతో గుర్తింపు కార్డున్న ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు ఉచితం. కార్డు పెట్టెలో అడుగున కాకుండా చేతిసంచిలో ఉంచుకోండి. నలుగురికి మించితే రోజు లెక్కన కారు మాట్లాడుకోవడమే చవక.

6. చేతిలో ఏం పట్టుకెళ్లాలి

ఉత్త చేతులతో వెళ్లకూడదన్నది అందరికీ తెలిసిందే. తెలియాల్సింది, అన్ని ఇళ్లకీ ఒకటే ఇవ్వాలని. ఒక ఇంటికి కిలో పూతరేకులు, ఇంకో ఇంటికి అరకిలో బిస్కెట్లు ఇచ్చిన సంగతి సాయంత్రానికల్లా తేలిపోతుంది. మీ ఊరి సరుకు తెండి. విశాఖ వాళ్లకి మాడుగుల హల్వా కొనుక్కెళ్లడం ఎందుకు? అది మేం మీకివ్వాల్సింది. పెద్దవాళ్లున్న ఇంట్లో షుగరు తప్పకుండా ఉంటుంది. వాళ్లకి పళ్లో, మంచి తువ్వాలో మేలు. పిల్లల చేతిలో డబ్బు పెట్టేటప్పుడు ఆ ఇంటి పిల్లలందరికీ సమానంగా పెట్టండి, పక్కింటి నుంచి ఆడుకోవడానికి వచ్చినవాడికి కూడా.

బొట్టు పెట్టి జాకెట్టు ముక్క ఇస్తే వద్దనకండి. ఇంట్లో అలాంటివి బోలెడున్నాయని అస్సలు అనకండి.

7. ఒక రోజుకి ఒకే భోజనం

విశాఖ చుట్టాలు పెట్టి చంపుతారు. మధ్యాహ్నం ఒకరింట్లో, రాత్రి ఇంకొకరింట్లో భోజనానికి ఒప్పుకుంటే రెండో ఇంటావిడ వండినదంతా మిగిలిపోతుంది, చిన్నబుచ్చుకుంటుంది. రోజుకి ఒక ఇంటి భోజనమే ఒప్పుకోండి. రెండో ఇంటికి సాయంత్రం నాలుగు తర్వాత వెళ్లి, పకోడీ, టీతో సరిపెట్టుకోండి. ఎంతమంది వస్తున్నారో, ఎవరు నీచు తినరో ముందురోజే చెప్పండి. "ఏదైనా ఫరవాలేదు" అనే జవాబు వండేవాళ్లకి ఎందుకూ పనికిరాదు.

దిగిన ఇంట్లో మాత్రం ఒక సాయంత్రం పొయ్యి వెలిగించనివ్వకండి. ఇంటావిణ్ణి కూడా తీసుకుని బీచికి వెళ్లి, మురీ మిక్చరూ, మొక్కజొన్న పొత్తులూ తిని, వచ్చేటప్పుడు టిఫిన్లు కట్టించుకు రండి. సముద్రం ఇంటి పక్కనే ఉన్నా ఆవిడ దాన్ని చూసి ఎన్నాళ్లయిందో అడిగి చూడండి.

8. ఏవి చూడాలి, ఏవి వదలాలి

ఆర్కే బీచి సాయంత్రానికి సరిపోతుంది. ఒడ్డునే ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో విశ్రాంతి తీసుకుని, మరుసటి ఏడాది మ్యూజియంగా మారింది. లోపల సన్నని నడవలో ఒకరి వెనక ఒకరు వంగి నడవాలి కాబట్టి మోకాళ్ల వాళ్లని, ఇరుకంటే భయపడేవాళ్లని బయట బెంచీ మీద కూర్చోబెట్టండి. ఎదురుగా టీయూ 142 విమానం ఉంది. పిల్లలకి రెండూ ఒకేసారి చూపించవచ్చు. జలాంతర్గామికీ, జంతు ప్రదర్శనశాలకీ సోమవారం సెలవు. సోమవారం గుళ్లకి పెట్టుకోండి.

సింహాచలం మాత్రం ఎంత తొందరలోనూ వదలకండి. ఉత్తరాంధ్రలో అప్పన్న, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ అని ఇన్ని పేర్లెందుకున్నాయో కొండెక్కితే అర్థమవుతుంది. మీ చుట్టాల్లోనే ఇద్దరైనా ఉండి ఉంటారు. స్వామి ఏడాదంతా చందనపు పూతలో ఉంటాడు. నిజరూప దర్శనం అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే. ఆ రోజూ, ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ జరిగే రోజూ చిన్నపిల్లలతో వెళ్లే ఆలోచన మానుకోండి, మిగతా ఏడాది అంతా మీదే. గుడిలో కప్పస్తంభాన్ని కౌగిలించుకుని కోరుకోవడం ఆచారం. దిగేటప్పుడు కొండ అనాసపళ్లు, కాలాన్ని బట్టి సంపెంగలు కొనండి. ఆ సంపెంగలు తీసుకెళ్లి అమ్మమ్మ చేతిలో పెడితే ఏ మిఠాయీ దాని ముందు నిలవదు.

తొట్లకొండ చాలామంది వదిలేస్తారు. భీమిలి దారిలో కొండ మీద రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ విహారపు శిథిలాలు, కింద సముద్రం. చూడటానికి గంట చాలు. సాయంత్రం గాలికి కూర్చోవడానికైతే ఎంతసేపైనా. నీళ్లు మీరే పట్టుకెళ్లండి. కైలాసగిరి పిల్లలకి నచ్చుతుంది, పెద్దవాళ్లకి రోప్‌వే తప్ప ప్రత్యేకంగా ఏమీ ఉండదు. తీసిపారేయమని కాదు, ఆఖర్న పెట్టుకోండి.

సముద్రం దగ్గర ఒక్క విషయంలో మొహమాటం వద్దు. ఆర్కే బీచిలోనూ యారాడలోనూ ఒడ్డు చప్పున లోతవుతుంది, వెనక్కి లాగే నీటి ఊపు బలంగా ఉంటుంది. మోకాలి లోతు దాటనివ్వకండి. స్నానానికి రుషికొండ నయం. అక్కడ కాపలా ఉంటుంది, వాళ్లు ఈల వేస్తే బయటికి రావాలి. కొత్తగా పెళ్లైన కుర్రాళ్లూ, సెల్ఫీలు దిగే తమ్ముళ్లూ పిల్లలకన్నా ఎక్కువ ప్రమాదం తెచ్చుకుంటారు. వాళ్ల మీద కన్నేసి ఉంచే బాధ్యత ఒక మావయ్యకి ముందే అప్పగించండి.

9. అరకుకి ఒక రోజు పూర్తిగా

అరకు విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు కారు అన్నది మేం అందరికీ చెప్పే మాట. పొద్దున ఏడు కాకముందే బయల్దేరే కిరండూల్ రైలు సొరంగాల మధ్య నుంచి లోయల అంచున ఎక్కుతుంది. ప్రతి సొరంగంలో పిల్లలు పెట్టే కేకలు ఆ ప్రయాణంలో భాగమే. అద్దాల విస్టాడోమ్ పెట్టెకు టికెట్లు ముందే అయిపోతాయి. మామూలు పెట్టెలో కిటికీ దగ్గర చోటు దొరికినా ఆనందంలో తేడా ఉండదు. కారును ముందే అరకుకి పంపించి, తిరిగి వస్తూ గాలికొండ, అనంతగిరి, బొర్రా గుహలు చూసుకోవచ్చు. గుహల్లో మెట్లు చాలా ఎక్కి దిగాలి, తడి కూడా. పెద్దవాళ్లు పైనే ఆగి కాఫీ తాగడం మంచిది. ఘాట్ రోడ్డులో వాంతులయ్యే పిల్లలకి పొద్దున ఇడ్లీ ఒకటో రెండో పెట్టి ఆపేయండి, నూనె టిఫిన్లు వద్దు.

ఈ ప్రయాణానికి విశాఖ చుట్టాల పిల్లలని కూడా వెంటబెట్టుకు వెళ్లండి. పెద్దవాళ్లు ఇళ్లు తిరుగుతూ కలుస్తారు గానీ, వరసకి అన్నాచెల్లెళ్లైన పిల్లలు ఒకరికొకరు పరిచయమయ్యేది ఇలాంటి రోజుల్లోనే. మర్నాడు పొద్దున ఏ కార్యక్రమమూ పెట్టుకోకండి. అందరూ తొమ్మిదింటి దాకా లేవరు.

10. వెళ్లే రోజు

ఆఖరి రోజుని కొనడానికీ సర్దడానికీ ఉంచుకోండి. ఏటికొప్పాక లక్క బొమ్మలు అంకుడు కర్రతో చేసి, మొక్కల నుంచి తీసిన రంగులు వేసినవి. తేలిక, పగలవు, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అనకాపల్లి బెల్లం, మాడుగుల హల్వా, అరకు కాఫీ పొడి తీసుకుంటే ఇంటి చుట్టుపక్కల వాళ్లందరికీ సరిపోతుంది.

ఎటూ మీరు కొన్నదానికన్నా చుట్టాలు కట్టి ఇచ్చేది ఎక్కువవుతుంది. వచ్చేటప్పుడే ఒక ఖాళీ సంచి మడిచి పెట్టెలో పెట్టుకోండి. ఆవకాయ డబ్బా మూతకి పాలిథిన్ కాగితం వేసి బిగించి, రెండు కవర్లలో నిలువుగా పెట్టాలి. విమానంలో వెళ్లేవాళ్లు దాన్ని చేతిసంచిలో కాకుండా లగేజీలో వేసేయాలి. ఎండు నెత్తళ్లు ఇస్తే మాత్రం గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా అడిగి తీసుకోండి, లేకపోతే ఏసీ బోగీలో తెల్లారేదాకా అందరూ మిమ్మల్నే చూస్తారు. ఆ డబ్బా మళ్లీ తిరిగివ్వాలి, ఖాళీగా కాదు.